మొగిలయ్య ముక్కు

ఇప్పుడు మెట్రో స్తంభాల కింద నిలబడి చెబితే ఎవరూ నమ్మరు గానీ, జావా నేర్చుకుంటే చాలు జన్మ తరించినట్టేనని ఊళ్లకు ఊళ్లు అమీర్‌పేటలో దిగిన రోజులవి. బస్సు ఇంకా అల్లంత దూరాన ఎర్రగడ్డలో ఉండగానే మా మొగిలయ్య చెప్పేసేవాడు: "ముగ్గురు జావాకు, ఒకడు ఒరాకిల్‌కు, గా ఎనక సీటాయన బిడ్డ ఇంటికి." ఒట్టు. నేను డిగ్రీ వదిలేశాను గానీ అబద్ధాలు మొదలుపెట్టలేదు.

మొగిలయ్య మైత్రీవనం ముందు కరపత్రాలు పంచేవాడు. కోచింగ్ బోర్డుల వైపు నోరు తెరిచి చూసే తీరును బట్టి ఎవరు దేనికొచ్చారో పసిగట్టేవాడు. నాకు మాత్రం ఎన్నడూ కాగితం ఇవ్వలేదు. "నీకిస్తే దండుగ తమ్మీ, మిర్చిబజ్జీ చుట్టుకుంటవ్" అనేవాడు. అంతటి జ్ఞాని!

అతన్ని పెట్టుకున్నది వీర్రాజుగారు. భీమవరం నుంచి వచ్చి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులు తెరిచారు. రిసెప్షన్‌లో నేను. ఎదురుగా ఏసీ గదుల ఇన్‌స్టిట్యూట్ వెలిశాక మాకు పిల్లలు కరువయ్యారు. సోమవారానికి బ్యాచి నిండకపోతే తాళం వేసుకోవడమే. శనివారం మొగిలయ్య ఒక్కడే సగం గది నింపాడు. ఆనందం పట్టలేక వీర్రాజుగారు అందరి ముందూ అతని భుజం మీద చెయ్యేసి, "మొగిలయ్య హ్యాజ్ ఎ నోస్ ఫర్ స్టూడెంట్స్!" అన్నారు.

మొగిలయ్యకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో నోస్ ఒకటి. దేవుడిచ్చిన ఆ ముక్కు కింద వానొస్తే ఇద్దరు తలదాచుకోవచ్చు. పిల్లలు దాన్నే చూసి నవ్వారు. అతను కరపత్రాల కట్ట నా బల్ల మీద పడేసి పంజాగుట్ట దారి పట్టాడు.

నేను వెతుక్కుంటూ వెళ్తే బస్టాపు పక్క ఇరానీ హోటల్లో దొరికాడు.

"అన్నా, అది పొగడ్తనే. వాసన పట్టినట్టు కనిపెడ్తవని."

"అంటే కుక్క లెక్కనా?"

డిగ్రీ వదిలేసినవాణ్ణి, చాయ్ చెప్పాను. వెనకే కట్ట చంకన పెట్టుకుని వీర్రాజుగారు ఆయాసపడుతూ వచ్చారు. "ఏంటండీ మొగిలయ్యగారూ! మీది డేగచూపు అనబోయానండీ. ఇంగ్లీషులో చెప్పేసరికి ముక్కయిపోయింది."

"గా డేగ ముచ్చటేదో అందరి ముందట చెప్పుండ్రి సారూ, అప్పుడొస్త" అంటూనే మొగిలయ్య కిటికీలోంచి చూసి దిగ్గున లేచాడు. "గా ఎర్రబ్యాగు పోరి మన క్లాసుకే వచ్చింది. తొవ్వ దొరకక కోఠి బస్సెక్కుతుంది, జరుగుండ్రి!"

వీర్రాజుగారి చంకలోంచి కట్ట లాక్కుని పరుగెత్తాడు. ఆ పిల్ల అప్పటికే ఒక కాలు మెట్టు మీద పెట్టింది. మొగిలయ్య ఏదో అన్నాడు. కాలు దించింది.

సోమవారం కూర్చోవడానికి చోటు లేక నలుగురు గోడకానుకుని నిలబడ్డారు. ఆ ఇంగ్లీషు క్లాసులో వీర్రాజుగారు మొట్టమొదటి వాక్యం తెలుగులో చెప్పారు, డేగను మరిచిపోకుండా.