ఎన్నాళ్ల వదిన

మా వదినకు మనిషి కనబడితే బాగున్నారా అనడం రాదు. ఎన్నాళ్లని అడుగుతుంది.

ఆవిడ ఆసుపత్రిలో పెద్ద నర్సు. నరంలోకి మందు ఎక్కించడానికి ఎవరికి ఏ గొట్టం సరిపోతుందో తేల్చడం ఆవిడ పని. నాలుగు రోజుల వైద్యానికి ముంజేతిలో పొట్టిది, రెండు వారాలైతే మధ్యరకం, అంతకు మించితే మోచేతి పైనుంచి గుండె దగ్గరదాకా వెళ్లే పొడుగుది. రోజులు తెలియందే ఆవిడకు చెయ్యి ఆడదు. బాగానే ఉంది. చిక్కల్లా, ఆ ప్రశ్నను ఆసుపత్రిలో వదిలేసి ఇంటికి రాదు.

మా మేనత్త పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వస్తే, నవ్వుతూ ఎదురెళ్లి, "ఎన్నాళ్లు పిన్నిగారూ?" అంది. మేనత్త పెట్టె దించకుండానే వెనుదిరిగింది. బస్టాపు నుంచి ఆవిణ్ని బతిమాలి తెచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. పక్కింటాయన రెండో పెళ్లి చేసుకుంటున్నానని చెప్పడానికి వచ్చినప్పుడైతే, వదిన నోరు తెరవగానే అందులో అరటిపండు పెట్టేశాను.

నేను బోర్డులు రాస్తాను. కిందటేడు నిచ్చెన మీంచి పడితే కాలి ఎముకకు చీము పట్టింది. వదిన ఆసుపత్రిలోనే చేరాను గాని, ఆవిడ సెలవులో ఉంది. ఎనిమిది రోజుల్లో అయిదు పొట్టి గొట్టాలు మార్చారు. పెట్టిన చోటల్లా వాచింది. కుంచె పట్టే కుడిచెయ్యి ముడుచుకోవడం లేదు. ఇంకో సూది వస్తే కిటికీలోంచి దూకుదామనుకున్నాను గాని, కుంటికాలూ మూడో అంతస్తూ అడ్డొచ్చాయి.

సెలవు నుంచి రాగానే వదిన నా చేతులు చూసింది. తిన్నగా వెళ్లి డాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"మా మరిదికి ఎన్నాళ్లు ఎక్కించాలండీ?"

"చూద్దాం సిస్టర్."

"చూద్దాం అనే సైజు మన బీరువాలో లేదండి."

ఆయన మెట్ల దగ్గరికి తప్పుకుంటే అక్కడా అడిగింది, చేతులు కడుక్కుంటుంటే తువ్వాలు అందిస్తూ అడిగింది. నేను సిగ్గుతో దుప్పటి ముసుగేశాను. "నిన్ను పంపించెయ్యాలని ఆవిడకి ఎంత తొందరయ్యా," అని పక్క మంచం పెద్దాయన జాలిపడ్డాడు. చివరికి డాక్టరు రిపోర్టులన్నీ తిరగేసి ఆరు వారాలన్నాడు. వదిన ముఖం చింకి చేటంతయింది.

"ఇంక ఒక్కసారే గుచ్చుతాను," అంది నాతో. "ఎడమచేతికి. ఆరు వారాలూ అదే ఉంటుంది. నీ కుంచె జోలికి ఎవరూ రారు."

ఇరవయ్యేళ్లుగా ఆవిడ రోజులడిగి ఎంతమందికి ఎన్ని పోట్లు తప్పించిందో నాకు అప్పుడు తట్టింది. అరటిపండు తలుచుకుని తల దించుకున్నాను.

చెయ్యి మొద్దుబార్చి, తెరమీద నరం చూసుకుంటూ గొట్టం పంపింది. నేను కళ్లు మూసుకుని ప్రాణాలు పోతున్నట్టు మూలుగుతున్నాను.

"ఇక ఆపు నాయనా. కట్టు కట్టి పది నిమిషాలైంది," అంది.

పక్క మంచం పెద్దాయన కాసేపు నా చేతివంక చూశాడు. తరువాత వాచిన తన చేతిని దుప్పట్లోంచి మెల్లగా బయటపెట్టాడు.

"అమ్మా, నేనూ డాక్టరుగారిని అడిగాను. నాకు మూడు వారాలట."