మల్లయ్య కాలువకు ఒక సంతకం

పుప్పాలగూడలో మా అపార్టుమెంటు వెనక ఎండిపోయిన కాలువ ఒకటి ఉంది. దాన్ని కప్పేసి పైన కార్లు పెట్టుకుందామని మా కమిటీ ఆలోచన. కిందటేడు బాత్రూం బాగుచేయించిన నెలలోనే వానకి సెల్లార్ నిండి మా కారు మునిగింది. అప్పట్నుంచీ పైన ఒక జాగా కోసం నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఊళ్లో ఎవరినడిగినా "అది మల్లయ్య కాలువ" అన్నారు. యజమాని సంతకం తెస్తే మొదటి జాగా మీదే అన్నాడు సెక్రటరీ. మల్లయ్య బోరబండలో ఉన్నాడట. బయల్దేరాను.

ఉదయం ఏడుంబావుకి మా ఆవిడ పులిహోర డబ్బా చేతికిచ్చింది. కాశీకి పోతున్నానా అని విసుక్కున్నాను గానీ, రెండు బస్సులు మారి హైటెక్ సిటీ స్టేషను చేరేసరికి తొమ్మిదైంది. టికెట్టు ఐదు రూపాయలు. తొమ్మిదీ పదికి రావలసిన లోకల్ రైలు తొమ్మిదీ నలభైకి వచ్చింది. ఈ దారిన వెళ్లేవారు తిండేదో స్టేషన్లోనే కానివ్వండి. రైలెక్కి కూర్చుని డబ్బా మూత తీశానో లేదో, పక్కనున్న నర్సమ్మాయి, మాట మా భీమవరం వైపుది, "బోరబండే కదండీ? వచ్చేసిందండి," అంది. మధ్యలో ఒక్క స్టేషనూ లేదని నాకెవరూ చెప్పలేదు. మూత పెట్టేసి దిగాను.

స్టేషను వెనక సందులో, కూతురి కిరాయి ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు మల్లయ్య. డెబ్బై దాటిన బక్క మనిషి. సంతకానికి నేనిచ్చిన కాగితం తిరగేసి మరగేసి చూసి, కాలువ తనది కాదన్నాడు. తను ఆ ఊరి నీరటి అట. చెరువు నీళ్లు కాలువకు వదిలి, ఏ పొలానికెంతో పంచిపెట్టే మనిషి. పొలాలు పోయి బిల్డింగులు లేచాక కూడా ఏటా వెళ్లి పూడిక తీసేవాడు. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా వెళ్లలేదు.

"కాలువ నాది కాదు సారూ, నేనే కాలువోన్ని," అన్నాడు. "మిర్గం దగ్గరవడ్డది. జర చూసొద్దాం పా. సంతకం సంగతి ఆడ మాట్లాడుదం."

మిర్గం అంటే మృగశిర కార్తె, తొలివానల రోజులు. నేను సరేననేలోపే మూలనున్న పార భుజానికెత్తుకున్నాడు.

తిరుగు రైల్లో ఆ పారకి దడిసి జనం జరిగి కూర్చున్నారు. ఆ లైనులో ఇంత సుఖప్రయాణం నేనెరగను. ఇద్దరం కలిసి మూడేసి ముద్దలు తినేసరికి దిగాల్సి వచ్చింది.

ఒంటిగంటకి కాలువ దగ్గరున్నాం. మా గోడ కింద నీళ్లు పోయే తూము నిండా పూడిపోయింది.

"ఇది మూసుకుంటే వాన నీళ్లు యాడికి పోతయ్ సారూ? మీ సెల్లార్లకే," అంటూ తవ్వడం మొదలెట్టాడు మల్లయ్య.

నాలుగు పారల మట్టి తీసేసరికి ఒక చిలక బయటపడింది. ఆకుపచ్చ చిలక, ముక్కు విరిగింది. వెనకే ఇంకోటి. మా బాత్రూం గోడల నుంచి పీకించిన చిలక బొమ్మల టైల్స్ అవి! ఎక్కడ పారబొయ్యమంటారని మేస్త్రీ అడిగితే ఎక్కడో ఒకచోట అన్నది సాక్షాత్తూ నేనే. మా కారుని ముంచింది మా చిలకలే. తల కొట్టేసినట్టయింది.

ఇదెవడో అక్కల్ లేనోని పని అన్నాడు మల్లయ్య, అంటే బుద్ధి లేనివాడని. అవునవునన్నాను. అతనికి మోకాళ్లు పట్టేస్తే పార నేనందుకున్నాను. నా అంత శ్రద్ధగా ఎవరూ తవ్వి ఉండరు, సాక్ష్యం అంతా పక్కన గుట్టగా పడుతున్నా సరే. గంటన్నరకి తూములోంచి అవతలి వెలుతురు కనిపించింది.

నాలుగింటికి అతన్ని బస్టాపు దాకా దిగబెట్టాను. దారంతా దాచుకున్న మాట అక్కడ కక్కేశాను, ఆ చిలకలు మావేనని.

"ఎరుకే సారూ. చిలుక బయట వడంగనే నీ మొకం జూసిన," అన్నాడు.

బస్సొచ్చింది. పార నా చేతిలో పెట్టి ఎక్కాడు.

"నా మోకాళ్లు ఇగ నడవయ్. మిర్గానికి ముందు ఏటా ఒకపారి కాలువ పొడుగునా నడువు. మర్వకు."

కాగితంతో వెళ్లినవాణ్ని పారతో ఇంటిదారి పట్టాను. గేటు దగ్గర సెక్రటరీ ఎదురై, యజమాని సంతకం దొరికిందా అనడిగాడు. జేబులోంచి ముక్కు విరిగిన చిలకని తీసి అతని చేతిలో పెట్టి, ఇది మా బాత్రూందండి అన్నాను. యజమాని ఎవరూ లేరు, నీరటిని మాత్రం ఈ రోజు నుంచి నేనే అన్నాను.

మొదటి జాగా అక్కడితో పోయింది. కారు సెల్లార్లోనే ఉంటుంది.