ఉప్పలమ్మ పూడ్చిన మాయ

ఉప్పలమ్మ పక్కన కూర్చుంటే గొర్రె ఉన్ని వాసన వచ్చేది. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. బోడుప్పల్‌లో బీళ్ళన్నీ ప్లాట్లయిపోయి మందకు మేసే జాగా లేకుండా పోయాక, నాచారంలో ఒక పరిశోధనశాల వెనకున్న గొర్రెల షెడ్డులో పనికి కుదిరింది. గొర్రెలు కాసే కురుమల ఇంటి ఆడబిడ్డ కదా, పని తెలిసిన మనిషేనని ఎవరూ ఏమీ చెప్పలేదు. అదే కొంప ముంచింది.

ఒక పొద్దున గొర్రె ఈనింది. కడుపులో పిల్లను చుట్టుకుని ఉన్న మాయ పడగానే ఉప్పలమ్మ షెడ్డు వెనక గొయ్యి తీసి, కొంగున కట్టుకున్న పసుపు చల్లి పూడ్చేసింది. మాయ కుక్క నోట పడితే తల్లికి పాలు ఎండిపోతాయని వాళ్ళింట్లో భయం.

ఐసు పెట్టెతో వచ్చిన హిమజ ఉత్త గడ్డి వంక చూసింది. గుంటూరు పిల్ల, అక్కడ పరిశోధన చేస్తోంది.

"మాయ ఏదండీ?"

"పూడ్చిన మేడం. కుక్కలు గుంజుకపోవా మరి?"

హిమజ ఐసు పెట్టె కింద పెట్టేసింది. "నా పనంతా దాంతోనే ఉప్పలమ్మగారూ. ఇక ఒక్క చూడిగొర్రే మిగిలింది. అదీ మట్టిలో కలిస్తే నా పరిశోధన ఆగిపోతుంది."

"మాయతోని ఏం పరిశోధన బిడ్డా?" అంది ఉప్పలమ్మ. కానీ ఆ రోజు అన్నం సయించలేదు. పూడిస్తే ఈ పిల్ల పడ్డ కష్టమంతా మట్టిపాలవుతుంది. పూడ్చకపోతే గొర్రెకు పాలు పోతాయేమో, పసికూన ఏమైపోవాలి?

ఆ చివరి గొర్రె ఒక మధ్యాహ్నం ఈనింది. కాసేపటికి మాయ పడింది. ఉప్పలమ్మ చెయ్యి కొంగు ముడి దాకా పోయి ఆగింది. మాయను రెండు చేతులా ఎత్తి హిమజ పళ్ళెంలో పెట్టింది.

"జర జల్ది కానియ్యి. పిల్లకు పాలందకుంటే ఆ పాపం మనిద్దరిదీ."

హిమజ పొరను విప్పి పరిచింది. ఎర్రటి బొత్తాలు కుట్టిన పల్చటి గుడ్డలా ఉంది. "తల్లి రక్తం, పిల్ల రక్తం కలవనే కలవవు. పిల్ల ఒళ్ళు కట్టుకోవడానికి కావలసిన అమైనో ఆమ్లాలన్నీ ఈ బొత్తాల్లోంచే దాటాలి. ఇది అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు పంపదు. సెరీన్ అనేదాన్ని తల్లి దగ్గర తీసుకుని, గ్లైసిన్‌గా మార్చి పిల్లకిస్తుంది."

"వండి పెట్టినట్టా?"

"అలాగే. ఇంకోటి వినండి. పిల్ల కాలేయం గ్లుటమేట్ అనేదాన్ని వదులుతుంది. దాన్ని మాయ తీసుకుని తన బతుక్కి వాడుకుంటుంది."

ఉప్పలమ్మ తన చేతుల వంక చూసుకుంది. ఎన్ని మాయలు పూడ్చిన చేతులో అవి. "అంటే లోపలున్న పిల్ల గూడ మాయకు పెడ్తదా?"

"పెడుతుంది."

"నేను సంచనుకున్న," అంది మెల్లగా. "ఉత్త సంచి."

హిమజ కావలసిన ముక్కలు ఐసులో పెట్టుకుని మిగిలింది తిరిగి ఇచ్చేసింది. గొయ్యి ఉప్పలమ్మ తీసింది, పసుపు హిమజ చల్లింది. వెనక్కి వచ్చేసరికి గొర్రెపిల్ల మూతి నిండా పాల నురగ.

ఉప్పలమ్మ పోయిందిప్పుడు. బతికినన్నాళ్ళూ, కడుపుతో ఉన్న పిల్ల ఎవరు ఎదురైనా ఆపి చెప్పేది: "నువ్వొక్కదానివే పెడ్తున్ననుకోకు. లోపలున్నది గూడ పెడ్తది."