శాఖ పేరు లేని జ్ఞాపిక

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. బేగంబజార్‌లో మా జ్ఞాపికల దుకాణం నుంచి వెళ్ళే ఇత్తడి పలకల మీది పొగడ్తలన్నీ నేను రాసినవే. కొనేవాళ్ళు మాత్రం అవి మా బాపు, అంటే మా నాన్న రాతలనుకుంటారు. మనుషులతో మాట్లాడలేక అల్మారా వెనకే కూర్చునే నాకు ఆ చాటు బాగుండేది.

కొత్త మంత్రివర్గం ప్రమాణం చేసిన మధ్యాహ్నం, ఒక మంత్రిగారి అనుచరుడు వచ్చాడు. సాయంత్రమే సన్మానం. శాఖలు ఇంకా ప్రకటించలేదు.

"హోం మంత్రి అని చెక్కుండ్రి. పక్కా ఖబర్" అన్నాడు.

"తప్పయితే?" అన్నాడు బాపు.

"వాపస్ తెస్త."

చెక్కిన పలకను మళ్ళీ ఎవరు కొంటారు? ఎప్పుడూ మా దగ్గరే కొనే పాత గిరాకీ కాబట్టి బాపు కాదనలేక తలూపబోయాడు. అల్మారా వెనక నుంచి నా గొంతు నాకే వినిపించింది.

"శాఖ పేరొద్దన్నా. 'ఏ బాధ్యత మోసినా మా ఇంటి మనిషే' అని పెడదాం."

"అంటే మా అన్నకు హోం రాదంటవా?"

"వచ్చినా గిదే పనికొస్తదన్నా."

అతను బాపు వైపు చూసి నవ్వి, సరేనన్నాడు.

మర్నాడు శాఖలు ప్రకటించారు. వాళ్ళ అన్నకు దక్కింది పశుసంవర్ధకం. అతను దుకాణం మెట్లెక్కుతుంటే నేను మళ్ళీ అల్మారా వెనక్కి జరిగాను. అతని చేతిలో పలక లేదు, మిఠాయి డబ్బా ఉంది. దాన్ని బాపుకు కాకుండా నాకే అందించాడు.

"శాఖ మారినా ఫికర్ లేదు చెల్లె. పదవే పోతే మాత్రం వాపస్ తెస్త."