అంటే మావయ్య

బుల్లి మేనమామకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాళ్ళు ఏ మాట అన్నా "అంటే?" అంటాడు. ఆయనకి అర్థం తెలీక కాదు, అన్నవాళ్ళకి తెలుసో లేదో చూద్దామని. అందుకే చుట్టాల్లో చిన్నా పెద్దా అందరికీ ఆయన 'అంటే మావయ్య'.

ఉద్యోగం కూడా తగ్గట్టే దొరికింది. నిఘంటువు అచ్చేసే ఆఫీసులో మాటలకి అర్థాలు రాసే పని. 'కుర్చీ' దాకా బాగానే నడిచింది. అక్కడ ఆయనకి అనుమానమొచ్చింది. వీపు ఆన్చుకునే చెక్క ఊడిపోతే అది ఇంకా కుర్చీయేనా, స్టూలైపోతుందా? తేల్చుకోవడానికి మేనేజరు కుర్చీకి చెక్క ఊడదీసి పెట్టాడు. మేనేజరు వచ్చి, కూర్చుని, హాయిగా వెనక్కి వాలాడు.

నేలమీద వెల్లకిలా పడున్న ఆయన మీదికి వంగి, "ఇందాక మీరు కూర్చున్నది కుర్చీయేనంటారా?" అని అడిగాడు మావయ్య. ఎలాగో ఉద్యోగం మాత్రం ఊడలేదు.

క్షవరానికి వెళ్తే ఇంకో గొడవ. "కొంచెం తగ్గించమంటారా సార్?" అన్నాడు మంగలి.

"కొంచెం అంటే?"

ఆ చర్చ ఎంతకీ తెగలేదు. మావయ్య ఒకవైపు జుట్టుతో, ఒకవైపు లేకుండా ఇంటికొచ్చాడు. "మిగతాది రేపు. మాట ఇంకా తేలలేదు," అన్నాడు.

నవ్వు రాని రోజు కూడా ఒకటుంది. అత్తయ్య పోయిన రోజు. ఆసుపత్రి వరండాలో డాక్టరు తలవంచుకుని, "మా చేతనైనంతా చేశామండీ," అన్నాడు.

"అంటే?" అన్నాడు మావయ్య.

డాక్టరు జవాబు చెప్పకుండా వెళ్ళిపోయాడు. మావయ్య ఆ తలుపు వైపే చూస్తూ మళ్ళీ అడిగాడు. "అంటే?" పక్కనున్న బుల్లికి ఆ రోజు ఆయన్ని చూస్తే జాలి కలగలేదు. సిగ్గేసింది.

తర్వాత బుల్లికి పెళ్ళయింది. కొన్నాళ్ళకి, ముసురు పట్టి ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన కొడుతున్న రోజుల్లో, ఒక సంచీతో అమ్మ దగ్గరికి తిరిగొచ్చేసింది. "మా ఇద్దరికీ పడటం లేదమ్మా," అంది. అమ్మ ఆ మాటని తనకి తోచినట్టు అర్థం చేసుకుని, మొగుడూ పెళ్ళాలన్నాక మామూలేలే అనుకుంది.

వారం తిరక్కుండా మామగారు కొడుకుని వెంటబెట్టుకుని కోడల్ని తీసుకెళ్ళడానికి వచ్చాడు. తడిసిన గొడుగులు మూలన కారుతున్నాయి. అల్లుడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. పక్కవీధిలోనే ఉండే మావయ్య పిలవకుండానే వచ్చేశాడు. అమ్మ ఆయన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి చేతులు జోడించింది.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కపూటా నోరు మెదపకు."

"సరే," అన్నాడు మావయ్య. నిజంగానే అనుకున్నాడు కూడా.

మామగారు టీ కప్పు అందుకున్నాడు. "మావాడికి కాస్త కోపం ఎక్కువ చెల్లెమ్మా. మనసు మాత్రం వెన్న."

మావయ్య అటూ ఇటూ కదిలాడు. అమ్మ కళ్ళురిమింది. ఆగాడు. ఇంకాసేపు ఆగాడు.

"కాస్త అంటే, బావగారూ?"

"అదేనండీ, అప్పుడప్పుడూ విసుక్కుంటాడు."

"విసుక్కోవడం అంటే?"

"గట్టిగా మాట్లాడతాడు."

"నోటితోనేనా?"

మామగారు కప్పు కిందపెట్టాడు. "ఏదో ఒకటి రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడనుకోండి. ఏ ఇంట్లో లేదు?"

"చెయ్యి చేసుకోవడం అంటే?"

"మీకు తెలుగు రాదా?"

"బతుకంతా అదే పని చేశానండీ. ఈ మాటకి అర్థం రాసింది నేనే. 'కొట్టడం' అని రాశాను. తప్పు రాశానేమోనని అనుమానం." మావయ్య తల తిప్పాడు. "అమ్మా బుల్లీ, నువ్వు చెప్పు. సరిపోయిందా?"

అప్పటిదాకా బుల్లి కిటికీలోంచి వాన చూస్తోంది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

"సరిపోలేదు మావయ్యా," అంది. "బెల్టు సంగతి రాయలేదు."

అల్లుడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అమ్మ లేచి వెళ్ళి మామగారి ముందున్న కప్పు తీసేసింది.

"ఇంకా తాగలేదమ్మా," అన్నాడాయన.

"తాగింది చాలు," అంది అమ్మ. గొడుగులు కూడా తనే తెచ్చి చేతికిచ్చింది.

వాళ్ళు వెళ్ళాక అమ్మ ఒక మూల కూర్చుని ఏడ్చింది. మావయ్య బుల్లి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "బుల్లి మా ఇంట్లో ఉంటుందే. వాళ్ళు ఇక్కడికి మళ్ళీ వస్తారు. నా గుమ్మం తొక్కరు. నాతో మాట్లాడే ఓపిక ఎవరికుంది?"

దారిలో బుల్లి అడిగింది. "మావయ్యా, నిజంగా అర్థం తెలుసుకుందామనే అడిగావా?"

ఆయన గొడుగు సగం కంటే ఎక్కువే ఆమె వైపు వంచాడు. "ఇంత ఉక్కలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరుగుతున్నావు. నిన్నడిగితే చలి అంటావేమో. అందుకని వాళ్ళనడిగా."

బుల్లికి అత్తయ్య పోయిన రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండాలో ఆయన చెయ్యి పట్టుకుని ఉండాల్సింది అనిపించింది. ఇప్పుడు పట్టుకుంది.

ఇంట్లో రెండో మంచం నిండా పైకప్పు తాకేలా పాత అచ్చు కాగితాలు. "చిటికెలో ఖాళీ చేసేస్తా, నువ్వు ముఖం కడుక్కో," అని మావయ్య గదిలోకి దూరాడు. ఒక కట్ట ఎత్తడం, పై కాగితం కంటపడటం, నిలబడి చదవడం. ఇంకో కట్ట, మళ్ళీ చదవడం. బుల్లి అన్నం వండింది, చారు కాచింది, కంచాలు పెట్టింది.

"మంచం అయిందా మావయ్యా?"

"ఆ, తలగడ దాకా వచ్చా! ఇలా రా బుల్లీ, 'గాడిద'కి ఎవడో 'ఓపిక గల జంతువు' అని రాసి చచ్చాడు, చూడు!"

ఇన్ని నెలల్లో బుల్లి పైకి వినపడేలా నవ్వడం ఇదే మొదటిసారి. ఆ రాత్రి సోఫాలోనే పడుకుంది.