డ్రెస్సర్ తాత వదిలేసిన అక్షరం

మొన్న అక్క కూతురి బాలింత మందు కోసం మాచికాయలు దంచుతుంటే, ఆ వగరు వాసనకు నా చెయ్యి ఆగిపోయింది. మలేసియాలో, సుంగై పెటాని ఊళ్ళో మా పక్కింటి ఎజ్రా తాత ఇంటి నిండా అదే వాసన. రబ్బరు తోట ఆసుపత్రిలో డ్రెస్సర్‌గా కట్లు కడుతూ, మందులిస్తూ మా కూలీల తెలుగు నేర్చుకున్న యూదుడాయన. తానెవరో వీధిలో చెప్పుకునేవాడు కాదు. మాచికాయ కషాయంలో అన్నభేది, తుమ్మబంక కలిపి సిరా కాచి, హీబ్రూలో దేవుడి వాక్యాలను ఈకతో తోలు మీద రాసేవాడు. వాళ్ళ నాన్న నేర్పిన విద్య అది. అమ్మ పోయాక నేను ఫ్యాక్టరీ నుంచి నేరుగా ఆయన ఇంటికే వెళ్ళేదాన్ని. టీ ఇచ్చి, మాట్లాడకుండా కూర్చోమనేవాడు. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా వాళ్ళనడగండి.

ప్రతి మాటా మూలం చూసి, పైకి పలికి, అప్పుడు రాసేవాడు. "ఏటి తాతా, నీకు నోటికొచ్చినదే కదా, సూడ్డమెందుకు?" అన్నాను ఒకసారి.

"నోటికొచ్చినాదని రాస్తే నా గొప్ప రాసినట్టమ్మా. సూసి రాస్తే దేవుడి మాట రాసినట్టు," అన్నాడు.

తాత కూతురు లియా మెల్బోర్న్‌లో ఇల్లు కొనుక్కుంది. వాళ్ళ ఆచారంలో, చుట్టిన తోలురాతను గొట్టంలో పెట్టి గుమ్మానికి బిగిస్తారు. దాన్ని తన చేత్తోనే రాసి ఇవ్వాలని తాత పట్టుదల. అప్పటికే చెయ్యి వణుకుతోంది. అయినా పూర్తి చేశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. సరిచూస్తూ పై వరుస దగ్గర ఆగిపోయాడు. రాసేటప్పుడు అక్కడ ఒక అక్షరం వదిలేశాడు.

"సన్నగా దూర్చెయ్ తాతా. లోపల సుట్టేసినాక ఎవరు సూస్తారు?" అన్నాను.

"వరస తప్పి దూర్చితే సెల్లదమ్మా. దీన్లో దేవుడి పేరుంది, పారెయ్యకూడదు. నాతో మట్టిలో పెట్టించు."

మర్నాడు కొత్త తోలు తీశాడు. నాలుగు మాటలు రాశాడో లేదో మంచం పట్టాడు. మళ్ళీ లేవలేదు.

తండ్రి పోయాడని తెలిసి లియా వచ్చింది. తండ్రి బల్ల ముందు నిలబడి, "నా గుమ్మానికి రాస్తానన్నాడు. పూర్తి చేశాడా?" అని మలయ్ భాషలో అడిగింది. ఆమెకు హీబ్రూ చదవడం రాదు. ఆ ముత్యాల రాత నా చేతిలోనే ఉంది. ఇచ్చేస్తే చాలు, జీవితాంతం కళ్ళకద్దుకునేది. పై వరుస మీద వేలు పెట్టి ఆమెకు చూపించాను. "చేశాడు. కానీ ఒక అక్షరం తప్పిపోయింది. ఇది చెల్లదన్నాడు," అని చెప్పాను.

లియా దాన్ని గుండెకు హత్తుకుని ఏడ్చింది. సమాధిలో తానే తండ్రి పక్కన పెట్టింది.

తాత మాట నిలబెట్టావని మా అక్క మెచ్చుకుంటుంది. నిలబెట్టాను, నిజమే. కానీ నాకు గుర్తొచ్చేది అది కాదు, విమానాశ్రయంలో నాకు చెయ్యూపుతున్న లియా ఖాళీ చేతులు.