ఛార్జింగ్ రంధ్రంలో దొరికిన ఎర్ర పలుకు

మా బాపుకు సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన ఫోన్ ఛార్జ్ కావడం మానేసింది. వైరు లోపలికి సగమే వెళ్తోంది, ముట్టుకుంటే ఊడిపోతోంది.

"చార్జరు ఖరాబైంది" అని బాపు తేల్చేశాడు. నా ఛార్జర్ పెట్టినా అంతే. దాంతో అమ్మ గాజుకున్న పిన్నీసు అడిగి తీసుకున్నాడు. నేను గబుక్కున లాక్కున్నాను.

"ఇనుముతోని పొడిస్తే లోపలి పిన్నులు వంగుతయ్ బాపు. ఫోన్ ఖతమైతది."

"మరి నోటితోని ఊదాల్నా?"

"ఊదితే తడి లోపలికి పోతది. నువ్వు జర సప్పుడు చెయ్యకుండ కూసో."

ముందు ఫోన్ స్విచాఫ్ చేశాను. చెక్క టూత్‌పిక్ కొనను బ్లేడుతో సన్నగా చెక్కాను. నా ఫోన్ టార్చ్ వేసి, రంధ్రం నోరు కిందికి వంచి పట్టుకుని, మధ్యలో ఉన్న లోహానికి తగలకుండా గోడల వెంట మెల్లగా గీరాను. చొక్కా జేబులోని నూగంతా గట్టిగా అణిగిపోయి, దూది ఉండల్లా ఊడిపడింది. దాని వెనకాలే చిన్న ఎర్ర పలుకు రాలింది.

అదేమిటో నాకు చూడగానే అర్థమైంది. పంచదార పూసిన సోంపు ముక్క. బాపుకు షుగర్ ఉంది, తీపి ముట్టొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. బాపు నా వైపు దీనంగా చూశాడు.

పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తింది. "ఏందది?"

"దారం ముక్క" అన్నాను.

"మీ బాపు అన్నీ తెల్లంగిలే తొడుగుతడు గద. ఎర్రదారం యాడికెల్లి వచ్చింది?"

అమ్మ ఆ పలుకును తీసి గడప మీద పెట్టి, మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. కాసేపటికి ఒక చీమ వచ్చింది. తర్వాత మరో నాలుగు.

"దారానికి చీమలొస్తయా?" అంది అమ్మ, గొంతు పెంచకుండా.

"గది దుకాణంకొచ్చిన గిరాకీ ఎవరో ఇచ్చిండు, కాదంటే బాగుండదని తీస్కున్న" అన్నాడు బాపు.

"తీస్కొని ఫోనుకు తినవెట్టినవా?"

నాకు నవ్వాగక ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పారిపోయాను. వైరు టక్కున దిగింది, ఛార్జింగ్ గుర్తు వెలిగింది.

ఆ సాయంత్రమే అమ్మ నన్ను కూర్చోబెట్టి ఆ రంధ్రం గీరే పని నేర్చుకుంది. ఇప్పుడు బాపు ఫోన్‌ను తనే తనిఖీ చేస్తుంది. ఇంతవరకు నూగు తప్ప మరేమీ దొరకలేదు. బాపు షుగర్ మాత్రం ఏమంత దిగలేదు.